అడగకుండా టీ పెట్టుకోగలిగే వంటిల్లు

కొత్త ఫ్లాట్‌లోకి మారిన రెండో నెలలో నాకు జ్వరం వచ్చి మంచం పట్టాను. మధ్యాహ్నం మావారు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు. ఒక తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ఇంకో తలుపు. ఓ సొరుగు. పడుకున్నచోటి నుంచే లెక్కపెడుతున్నాను. పదకొండో తలుపు తర్వాత ఆయన గుమ్మంలోకి వచ్చి, "టీపొడి ఎక్కడ పెట్టావు?" అని అడిగారు. చెప్పాను. కాసేపటికి చక్కెర కోసం వచ్చారు. ఆ తర్వాత వడగట్టే జాలి కోసం. చివరికి దుప్పటి కప్పుకుని నేనే లేచి వెళ్లాను.

చూసినవాళ్లంతా మెచ్చుకున్న వంటిల్లే అది. పైనా కిందా తెల్లగా మెరిసే తలుపులు, వాటికి పిడులు కూడా బయటికి కనబడవు. గట్టు మీద ఒక పూలకుండీ తప్ప మరేమీ ఉండేది కాదు. ఆ రోజు ఒళ్లు కాలిపోతూ పొయ్యి దగ్గర నిలబడినప్పుడు నాకు తట్టింది, ఈ వంటిల్లు మొత్తం నా ఒక్కదాని తలలోనే ఉందని. ఏది ఎక్కడుందో ఆ తలుపులు ఎవరికీ చెప్పవు, నేనే చెప్పాలి. నేను పడుకుంటే వంటిల్లూ పడుకుంటుంది.

అప్పటినుంచి ఏ వంటిల్లు చూసినా మనసులో ఒకటే పరీక్ష పెడుతుంటాను. ఇంటికొచ్చిన చుట్టమో, ఇంటర్ చదివే పిల్లాడో ఎవర్నీ అడక్కుండా ఇక్కడ టీ పెట్టుకోగలరా? డబ్బాల గురించి, రాయి గురించి, దీపాల గురించి ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఆ పరీక్ష నెగ్గడం కోసమే. దానివల్ల అందానికి లోటు వస్తుందేమోనని భయపడకండి. ఎక్కడుండాల్సిన వస్తువు అక్కడుంటే కంటికి ఎంత హాయిగా ఉంటుందో పెళ్లింటి వంటశాలలో సరుకులు వరసగా పేర్చి ఉన్నప్పుడు మీరు చూసే ఉంటారు.

ముందు వారం రోజులు ఏమీ కొనకండి

వంటిల్లు సర్దుకోవాలనిపించగానే మనం బజారుకెళ్లి ఒకే రకం డబ్బాల సెట్టు కొనుక్కొస్తాం. ఆ పని అన్నిటికన్నా చివర చేయాలి. ముందు ఫ్రిజ్ తలుపుకి ఒక తెల్లకాగితం అంటించి, పక్కన పెన్సిలు వేలాడదీయండి. వంట చేస్తూ ఏ వస్తువు కోసమైనా రెండు అడుగులకు మించి నడిచినా, నడుం వంచినా, స్టూలెక్కినా ఆ వస్తువు పేరు రాయండి. వారంపాటు ఏదీ మార్చకండి, రాస్తూ ఉండండి చాలు.

ఉప్మానే తీసుకోండి. బాండీ కింది సొరుగులో, నూనె పై అరలో, పోపుల పెట్టె గట్టు అవతలి చివర, రవ్వ స్టోర్‌రూములో, కరివేపాకు ఫ్రిజ్‌లో, ఉల్లిపాయల బుట్ట బాల్కనీ తలుపు వెనక. ఆవాలు చిటపటమన్నాక మినప్పప్పు మాడేలోపు మనకు దొరికే సమయం ఎంత? ఆ కాస్తలో ఇంట్లో ఓ చుట్టు తిరిగి రావాలి. తిరిగి తిరిగి విసుగొచ్చి, తెచ్చిన ప్రతిదాన్నీ గట్టు మీదే వదిలేస్తాం. వంటిల్లు చిందరవందరగా ఉందని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, మన బద్ధకం కన్నా ఆ దూరాల తప్పే ఎక్కువ. పోపుల పెట్టెకి పొయ్యి పక్కనే చోటుంటే అది వెనక్కి వెళ్లడానికి అర అడుగు చాలు.

పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటినీ కలిపే త్రికోణం గురించి 1940ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన సూత్రం ఇప్పటికీ డిజైనర్ల నోట వినిపిస్తుంది. మూడు వైపులూ కలిపి 13 అడుగులకు తగ్గకుండా, 26 అడుగులకు మించకుండా ఉండాలన్నది దాని సారాంశం. కొలత మంచిదే. కాకపోతే మన వంటింటికి నాలుగో మూల ఒకటుంది, మిక్సీ. పొద్దున్నే చట్నీ, మధ్యాహ్నం రోటిపచ్చడికి బదులు మిక్సీ పచ్చడి, సాయంత్రం మసాలా ముద్ద. రోజుకి మూడుసార్లు వాడే బరువైన యంత్రాన్ని గట్టు ఖాళీగా కనబడాలని బీరువాలో దాస్తే, మూడుసార్లు ఎత్తి దించే నడుము ఎవరిది? మిక్సీకి గట్టు మీద శాశ్వతంగా చోటివ్వండి. స్విచ్చు దాని వెనకే ఉండాలి, జార్లు దాని కింది సొరుగులోనే ఉండాలి.

వారం తర్వాత ఆ కాగితం చూస్తే ఎక్కువసార్లు రాసిన పేర్లు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చోటు మార్చాల్సినవి అవే. పొయ్యికి చేయి చాపే దూరంలో పోపుల పెట్టె, నూనె, ఉప్పు, గరిటెలు, అట్లకాడ, పట్టకారు, మసిగుడ్డ ఉండాలి. బియ్యం, పప్పుల డబ్బాలు పొయ్యి దగ్గర పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. అవి సింకు వైపు ఉంటేనే మేలు, కొలవగానే మనం చేసేది కడగడమే కదా.

సర్దడం గురించి నాకు తెలిసిందంతా నేర్పింది పోపుల పెట్టే. మా అమ్మ వాడినదీ నేను వాడుతున్నదీ ఒకటే తీరు. గుండ్రటి స్టీలు పెట్టె, లోపల ఏడు చిన్న గిన్నెలు, ఒక చెంచా. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు, పసుపు. ఒక్క మూత తీస్తే ఏడూ కనిపిస్తాయి. మూత పెడితే వాటికి వెలుతురూ తగలదు, నూనె ఆవిరీ తగలదు. గిన్నెలు చిన్నవి కాబట్టి పదిహేను రోజులకోసారి నింపాల్సిందే, అందుకే ఏదీ పాతబడదు. కలిసి వాడేవన్నీ ఒకే మూత కింద కలిసి ఉంటాయి. ఇన్ని గుణాలున్న వస్తువు ఖరీదైన మాడ్యులర్ కిచెన్లలో నాకు మరొకటి కనబడలేదు.

దీన్ని చూసే మిగతావీ సర్దుకున్నాను. టీపొడి, కాఫీపొడి, చక్కెర, యాలకులు, జాలి, నాలుగు కప్పులు ఒక ట్రేలో చేరాయి. పూరీలు, చపాతీల కోసం పీట, అప్పడాల కర్ర, చిన్న పిండి డబ్బా ఒక సొరుగులో చేరాయి. పిల్లల టిఫిన్ డబ్బాలు, చెంచాలు, చేతిరుమాళ్లు ఒక బుట్టలోకి వెళ్లాయి. వస్తువుల్ని రకాన్ని బట్టి కాకుండా, చేసే పనిని బట్టి జత చేయండి. కప్పులన్నీ కప్పుల అరలోనే ఉండాలని నియమమేమీ లేదు.

ఏవి కనబడాలి, ఏవి దాగాలి

జ్వరం తగ్గాక నేను ఇంకో పొరపాటు చేశాను. తలుపుల మీద కోపంతో పొయ్యి పైనున్న బీరువా తలుపులు ఊడదీయించి, అరల్లో గాజు సీసాలు వరసగా పెట్టించాను. ఎర్రటి కారం, పచ్చటి పసుపు, నల్లటి ఆవాలు కనబడుతూ కొద్దివారాలు కన్నులపండువగా ఉంది. ఆ తర్వాత సీసాలు చేతికి జిగటగా తగలడం మొదలైంది. వేపుళ్లు, పోపులు పెట్టినప్పుడు కంటికి కనబడని నూనె తుంపరలు పైకి లేచి, చల్లటి గాజు మీద పేరుకుంటాయి. దాని మీద దుమ్ము అతుక్కుని బంకలా తయారవుతుంది. గుంటూరు నుంచి తెప్పించుకున్న కారం వెలిసిపోయి ఇటుకపొడి రంగుకు వచ్చింది. మిరపకాయకి ఎరుపునిచ్చే పదార్థాలూ, పసుపుకి రంగునిచ్చే కుర్కుమినూ వెలుతురుకి తట్టుకోలేవు. వేడికి వాసన కూడా పోతుంది. పొయ్యి పైన గాజు సీసాల్లో మసాలాలు పెట్టడమంటే వాటిని ఎండలో, సెగలో ఆరబెట్టడమే.

తెరిచిన అరల మీద నాకు కోపం లేదు. రోజూ వాడి రోజూ కడిగే వస్తువులకు అవే సరైన చోటు. పళ్లేలు, గ్లాసులు, గిన్నెల మీద జిడ్డు పేరుకునేంత వ్యవధి ఉండదు. మన పాత ఇళ్లలో సింకు పక్క గోడకు బిగించిన స్టీలు స్టాండు చేసే పని ఇదే. నిలువుగా పళ్లేలు, కొక్కేలకు గ్లాసులు, ఒక మూల చెంచాల గూడు. కడిగినవి నేరుగా అందులోకి వెళతాయి. నీళ్లు కారిపోయి గాలికి ఆరతాయి, తుడిచి లోపల పెట్టే పని ఉండదు. పాతకాలపుదని దాన్ని తీసేయించిన ఇళ్లు చాలా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. దాని చుట్టూ గోడకి మంచి రంగు వేసి, పైన చిన్న దీపం పెడితే వంటింట్లో అంతకు మించిన అలంకారం అక్కర్లేదు. శుభ్రంగా తోమిన స్టీలు మీద వెలుతురు పడితే ఎలా ఉంటుందో మనకి కొత్తగా చెప్పాలా?

అమెరికాలో వంటల పుస్తకాలతో, టీవీ కార్యక్రమాలతో ఇంటింటికీ తెలిసిన జూలియా చైల్డ్ వంటింటి గోడ కూడా ఇలాంటిదే. 1961లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఆవిడ ఇంటి వంటగదిని భర్త పాల్ తీర్చిదిద్దారు. గోడకి చిల్లుల పలక బిగించి, వేలాడే ప్రతి పాత్ర చుట్టూ దాని ఆకారంలోనే గీత గీశారు. ఏ మూకుడు ఎక్కడ తగిలించాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఖాళీగా ఉన్న ఆకారమే పిలుస్తుంది. ఆవిడ ఆరడుగులు దాటిన మనిషి కావడంతో గట్టు ఎత్తు కూడా మామూలుగా కాకుండా 38 అంగుళాలు పెట్టించారు. ఆ వంటిల్లు మొత్తం ఇప్పుడు వాషింగ్టన్‌లోని అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. చూసినవాళ్లని ఆకట్టుకునేది ఆ గోడే. ప్రతి పాత్రకీ సొంత చోటు ఉండటమే ఆ గోడకి అందం తెచ్చింది.

ఇక డబ్బాలు. మన పాత స్టీలు డబ్బాల్ని పారేసి ప్లాస్టిక్‌వి కొనాల్సిన పనే లేదు. సైజులు వేరైనా మెరుపు ఒకటే కాబట్టి వరసగా పెడితే సెట్టులాగే ఉంటాయి. లోపల ఏముందో కనబడదన్న లోపానికి మందు చీటీ. మీ ఇంట్లో అందరూ చదివే భాషలో, అంటే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. డబ్బా అరలో ఉంటే పొట్ట మీద అంటించాలి, సొరుగులో ఉంటే మూత మీద. బొంబాయి రవ్వ, ఇడ్లీ రవ్వ, గోధుమ రవ్వ అని విడివిడిగా రాయాలి, "రవ్వ" అని వదిలేస్తే టీ పరీక్షలో నెగ్గినా ఉప్మా పరీక్షలో తప్పుతాం. ఆవకాయ మాత్రం జాడీలోనో గాజు సీసాలోనో ఉండాలి. ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తింటాయి.

పెళ్లికి పెట్టిన సారె గిన్నెలు, పేర్లు కొట్టించిన పళ్లేలు, గృహప్రవేశాలకు వచ్చిన స్టీలు సామాను ఏం చేయాలని అడుగుతారు. వాటి మీద ఉన్న పేర్లు మనవాళ్లవి, అందులో కొందరు ఇప్పుడు లేరు. పారేయమని నేను చెప్పను. ఒక్కొక్కరి పేరు మీద ఒక్క వస్తువు ఎంచుకుని రోజువారీ వాడకంలోకి తెండి. మిగిలినవి అటక మీదికి వెళ్లనివ్వండి, లేదా అవసరమున్న ఇంటికి ఇవ్వండి. మా అమ్మమ్మ పేరున్న గిన్నెలో నేను రోజూ పెరుగు తోడుపెడతాను. అటక మీద ఉన్నన్నాళ్లూ నెలకోసారి కూడా ఆవిడ గుర్తొచ్చేది కాదు.

రాయి, ఎత్తు, వెలుతురు

గట్టుకి రాయి ఎంచుకునేవాళ్లకి నాది ఒకటే మాట, గ్రానైట్ వేయించుకోండి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే నల్లరాయి, బంగారు చుక్కలు చల్లినట్టుండే గెలాక్సీ రకం, దేశదేశాలకీ వెళుతోంది. నిమ్మకాయ పిండినా, చింతపండు రసం ఒలికినా దానికేం కాదు. కడప రాయి చవక, బీరువాల్లో అరలకి చక్కగా పనికొస్తుంది. అది సున్నపురాయి జాతి కాబట్టి పులుపు పడిన చోట మెరుపు పోయి మచ్చపడుతుంది. తెల్ల పాలరాయిదీ అదే గుణం. రోజూ చింతపండు పిసికే ఇంట్లో పాలరాతి గట్టంటే రోజూ బెంగే. నల్లరాయికి ఉన్న చిక్కల్లా బోరు నీళ్ల తెల్లటి మరకలు. తుడిచాక పొడిగుడ్డతో మరోసారి తుడిస్తే అవి ఉండవు.

గట్టు ఎత్తు గురించి మేస్త్రీని నమ్మకండి. అందరికీ 32 నుంచి 34 అంగుళాలు కట్టేస్తారు. వంట ఎక్కువగా చేసే మనిషి నిలబడి మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. కూరగాయలు తరిగే చోటు దానికన్నా 4 నుంచి 6 అంగుళాలు కిందికి ఉండాలి. పొయ్యి, దాని మీద కుక్కరు ఎత్తు కలుస్తాయి కాబట్టి పొట్టివాళ్లకి పొయ్యి ఉండే బండ మరికాస్త దించి వేయించుకోవడం మేలు. సింకు దగ్గర దీనికి తలకిందులు, చేతులు తొట్టి అడుగు దాకా దిగాలి కనుక అంచు కాస్త ఎత్తుగా ఉంటేనే నడుముకి సుఖం. ఇప్పటికే కట్టేసి ఉంటే బాధపడకండి. నిలబడే చోట జారని వెడల్పాటి చెక్క వేసుకున్నా, గట్టు మీద మందపాటి తరిగే పలక పెట్టుకున్నా చాలా తేడా తెలుస్తుంది.

సింకు కింది బీరువాకి చెక్క ఏదో తప్పకుండా అడగండి. నాకు కట్టినవాళ్లు అక్కడ చవక పార్టికల్ బోర్డు వాడారు, ఏడాదికే నీళ్లు తాగి ఉబ్బిపోయింది. ఐఎస్ 710 అన్న ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయించుకుంటే ఆ బాధ ఉండదు. మిగతా చోట్ల తగ్గినా ఫర్వాలేదు, అక్కడ మాత్రం తగ్గకండి.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ అందం తెచ్చేది దీపం. మన వంటిళ్లలో దీపం నడిమధ్య పైకప్పుకి ఉంటుంది. గట్టు వైపు తిరిగి నిలబడితే మన నీడ మన చేతుల మీదే పడుతుంది, ఆ నీడలోనే చాకు ఆడిస్తాం. పై బీరువాల అడుగున, ముందంచు పొడవునా ఒక ఎల్ఈడీ పట్టీ వేయించండి. రంగు 4000 కెల్విన్ ప్రాంతంలో ఉంటే టమాటా టమాటాలాగే, గోంగూర గోంగూరలాగే కనిపిస్తాయి. ఆ వెలుతురులో నల్లరాయి మీద చుక్కలు మెరుస్తాయి, బియ్యంలో రాళ్లూ కనబడతాయి.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. గోడలు లేతగా ఉంచండి, రంగులు వంటింట్లోకి రోజూ బుట్టలో నడిచి వస్తాయి. అలంకారానికంటూ ఒక వస్తువు పెట్టాలనుకుంటే పనికొచ్చేదే పెట్టండి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలో గరిటెలు నిలబెడితే గట్టుకే కళ వస్తుంది. కాకపోతే వారానికోసారి చింతపండుతో తోమే ఓపిక ఉండాలి. అది లేకపోతే స్టీలు గ్లాసే మంచిది. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదన్నది మీకు తెలిసిందే.

ఇద్దరు నిలబడే చోటు

1926లో వియన్నాకి చెందిన ఆర్కిటెక్టు మార్గరెటె షుటె-లిహోట్‌స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటగదిని రూపొందించారు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఒక్క అడుగూ వృథా కాకుండా కొలిచి, బియ్యం, చక్కెర లాంటి సరుకులకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టారు. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. ఇవాళ మనం చూసే మాడ్యులర్ కిచెన్లకి తాత లాంటిది అది. ఆడవాళ్ల శ్రమ తగ్గించాలన్న తపనతో చేసిన పని అది, నాకు ఆవిడంటే గౌరవం. తర్వాతి తరం ఆడవాళ్లు మాత్రం ఒక లోపం ఎత్తిచూపారు. అందులో ఒక్కరికే చోటు. రెండో మనిషి వచ్చి చేయి కలపలేని గది, వండే మనిషిని ఒంటరిని చేసింది.

మన ఫ్లాట్లలో వంటిళ్లు కూడా అదే సన్నటి సందులు. గోడలు జరపలేం కానీ, దారులు విడదీయొచ్చు. టీ ట్రే, మంచినీళ్ల ఫిల్టరు, గ్లాసులు, బిస్కెట్లు గుమ్మానికి దగ్గరగా ఒక మూల చేర్చండి. నీళ్లకోసం వచ్చిన పిల్లలు మరిగే నూనె పక్కనుంచి వెళ్లనక్కర్లేదు. మీరు చపాతీలు కాలుస్తుంటే ఇంకొకరు ఆ మూలే ఇండక్షన్ పొయ్యి మీద టీ పెట్టుకోవచ్చు. నేను చేసిన మార్పులన్నిటిలో ఇంట్లోవాళ్లు ముందుగా గమనించింది దీన్నే. చిత్రంగా, ఆ మూల ఏర్పడ్డాక మావారు వంటింట్లోకి రావడమే పెరిగింది.

రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు వంటింటికి ఇవ్వండి. పొయ్యి తుడవడం, సింకు ఎండబెట్టడం, తడిగుడ్డ ఉతికి ఆరేయడం, చెత్త బయట పెట్టడం. బొద్దింకలు వచ్చేది తిండికోసం ఎంతో, నీళ్లకోసం అంత. సింకు పొడిగా ఉంటే సగం తగ్గుతాయి, పైపు చుట్టూ కంత పూడిస్తే మిగతావీ తగ్గుతాయి. టైల్స్ మీద జిడ్డుకి కుంకుడుకాయ రసం గోరువెచ్చగా రాసి వదిలేసి తుడవండి. మా అమ్మ రోజుల్లో రాత్రి పొయ్యి అలికి పొద్దున్నే ముగ్గు పెట్టేవాళ్లు. గ్యాసుపొయ్యి పక్కన గట్టు మీద నేనిప్పటికీ రెండు గీతలు వేస్తాను. ముగ్గు వేయడానికి గట్టు మీద జానెడు ఖాళీ, పొడి చోటు ఉండాలి కదా, ఆ చోటు కోసమైనా రాత్రి సర్దాల్సి వస్తుంది.

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చింది. నేను వాకిట్లో ముగ్గు వేసి లోపలికొచ్చేసరికి, "వదినా, టీ తాగు" అంటూ కప్పు అందించింది. ఒక్క మాట కూడా అడగలేదు. ఆవిడ వెళ్లాక చూస్తే చక్కెర డబ్బా ట్రేలో లేదు, ఇండక్షన్ పొయ్యి పక్కన చిన్న గూట్లో ఉంది. తీసి ట్రేలో పెట్టబోయి ఆగాను. గిన్నె ముందు నిలబడి ఎడమచేయి చాపి చూశాను. నేను పెట్టిన చోటు కన్నా అదే దగ్గర. డబ్బాని అక్కడే ఉంచి, గూటి అంచున కొత్త చీటీ అంటించాను.